పన్నెండు కొట్టేదాకా

ఫోర్ట్ లీలో పెట్రోలు బంకు వెనక
ఇంజను ఆపకుండా కారు నిలబెట్టాను.
పదకొండూ ముప్పై ఎనిమిది.
వెనక సీట్లో హాలరన్ గారు
బూట్ల లేసులు వదులు చేసుకుని కూర్చున్నారు.
ఎదురుగా వంతెన, కింద నల్లగా హడ్సన్,
అవతలి గట్టున ఆయన సొంత ఇల్లు,
ముప్పై ఒకటో అంతస్తులో
ఎవరూ లేకపోయినా లైటు వెలిగే వంటగది.

వెళ్ళకూడదు.
పన్నెండుకి ఒక్క నిమిషం ముందు
చక్రం ఆ గట్టు తాకినా
ఆ నిమిషం ఒక రోజంత అయి కూర్చుంటుంది.
ఏడాదికి నూట ఎనభై మూడు రోజులు
ఆయన న్యూయార్క్‌లో ఉండొచ్చు.
నూట ఎనభై నాలుగోది
మా వీధి మొత్తం ఖరీదు చేస్తుంది.
లెక్క లెనోర్ చూస్తుంది.
ఆకుపచ్చ పెన్సిలుతో ఫ్లోరిడా, ఎర్రదానితో ఇక్కడ.
నేను రాసిచ్చే ట్రిప్పు షీట్లు, విమానం దిగిన వేళలు,
పంటి డాక్టరుకి ఏ ఊళ్ళో చూపించుకున్నదీ
అన్నీ ఆమె ఫైల్లో.

పంటి డాక్టరంటే గుర్తొచ్చింది.
మా భాషలో నోట్లోదీ సర్కారుదీ ఒకటే మాట: పన్ను.
ఒకటి దాటితేనే దారులు వేరు,
ఇవి పళ్ళు, అవి పన్నులు.
నాది ఊడిపోయాకే నాకు తెలుస్తుంది.
రెండు వారాలకోసారి జీతం చీటీలో ఖాళీ సందు,
నాలిక ఊరికే అక్కడికే పోతుంది.
ఆయనది కదలకముందే
ముగ్గురు లాయర్లు దవడ పట్టుకుంటారు.

ఆడిటర్లు అడుగుతారట:
నీకు ప్రాణమైనవి ఎక్కడున్నాయి?
అందుకని ప్రాణమైనవన్నీ పామ్ బీచ్ చేరాయి.
వాళ్ళమ్మ వాయించిన పియానో,
పెళ్ళి ఫొటో, పర్సీ.
పర్సీకి పధ్నాలుగేళ్ళు, మంచులో దొర్లి పెరిగిన బొచ్చుకుక్క.
నేనే దింపి వచ్చాను.
ఏసీ గాలి తగిలే మూల మూతి పెట్టి పడుకుని
ఇదే నా ఊరని రోజూ సాక్ష్యం చెబుతోంది.

డబ్బు మాత్రం ఆ ఇంట్లోనూ లేదు, ఈ ఇంట్లోనూ లేదు.
సౌత్ డకోటాలో ఏదో ట్రస్టు, ఒక పోస్టు డబ్బా.
ఆయన ఆ ఊరి మొహం చూళ్ళేదు.
డబ్బుకి చలెయ్యదు కదా.

రెండు కాఫీలు తెచ్చాను.
కప్పుకి ఇరవై సెంట్ల పన్ను.
లెనోర్ పక్కన లేదు గనక కట్టేశాం.

మొన్న, ఇరవై తొమ్మిదిన,
ఆయన కూతురికి పాప పుట్టింది.
వంతెన దిగితే ఆసుపత్రి పది వీధులు.
ఎర్ర పెన్సిలు అప్పటికే నూట ఎనభై మూడు గీసేసింది.
విమానం దిగి, ఇక్కడే, ఇదే బంకు వెనక,
గంటసేపు ఆ దీపాల వంక చూశారు.
"వెళ్దాం సార్" అన్నాను.
పోయేది నాది కాదు గనక అనగలిగాను.
కిటికీ అద్దం సగం దించి, మళ్ళీ ఎత్తేశారు.
తిరిగి టెటర్‌బరో, తిరిగి ఫ్లోరిడా.
ఇంటికెళ్తూ ఆయన్ని తిట్టుకోవాలనుకున్నాను, చేతకాలేదు.
క్షమించడమూ చేతకాలేదు.
మా సబ్‌వే మెట్లు రెండేళ్ళుగా విరిగే ఉన్నాయి,
డబ్బుల్లేవని బోర్డు.

ఇవాళ ముప్పై ఒకటి.
పదకొండూ యాభై తొమ్మిది.
"ఎంత?" అన్నారు.
"ఒక్క నిమిషం సార్."
మొదటిసారి ఫోను నా వైపు తిప్పారు.
నోరంతా తెరిచి పాప ఆవులిస్తోంది.
ఒక్క పన్ను లేదు.

ఎక్కడో బాణసంచా. గేరు వేశాను.
టోలు కెమెరా ఇద్దరినీ ఒకే ఫొటో తీసింది,
ఏ ఊరు మీది అని అడక్కుండా.
అద్దంలో ఆయన లేసులు కట్టుకుంటున్నారు.
ముడి పడటం లేదు.
ఒకటో రోజు.
లెనోర్ ఈపాటికి
ఎర్ర పెన్సిలు చెక్కి పెట్టుకునే ఉంటుంది.